ప్రకటనలు వ్రాయు వృత్తి

మా వర్నిలో బస్సు ఆగు చోట నిలిచి నాలుగు వైపుల చూచినచో కనబడు తెలుగు వచనమంతయు అమ్మకపు వచనమే. సిమెంటు గట్టిదనము, వరివిత్తనపు దిగుబడి, కలుపుమందు చురుకుదనము, నగలదుకాణమువారి తరుగు తగ్గింపు, వీనితో గోడలు నిండియున్నవి. మాకు సమీపముననే రుద్రూరులో చెరకునకును వరికిని పరిశోధనాస్థానమున్నను, మా రైతు క్రొత్త విత్తనము పేరును మొదట గోడనుండియే నేర్చుకొనుచున్నాడు. మేము పాఠశాలలో పద్యమునకు ప్రతిపదార్థము వ్రాయించు బాలబాలికలు ఇంటికి పోవుచు చదువునవి ఈ గోడలే. ఒక సంవత్సరములో వారు చదువు తెలుగునంతను త్రాసున వేసినచో మా వాచకపు పళ్లెము పైకి లేచిపోవును. అయినను మన విమర్శకులు కావ్యమును, నాటకమును, నవలను శోధించెదరు గాని ప్రకటనను ఒక రచనగా నెంచి పరీక్షించినవారు మిక్కిలి తక్కువ. సరకు చుట్టివచ్చిన కాగితమువలె అది చూచి పారవేయదగినదని మన యూహ. మేమును అట్లే తలచియుంటిమి.

గత సంక్రాంతి సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు మమ్ము చూడవచ్చెను. పదవ తరగతిలో వ్యాసరచనయందు అతనికి ఎదురులేకుండెను. ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రకటనల ఏజెన్సీలో తెలుగు కాపీరైటరుగా నున్నాడు. మాటలాడుచు మాటలాడుచు సంచిలోనుండి ఒక రంగుల కరపత్రమును తీసి మా బల్లపై నుంచి, "ఇది నేను రాసిందే సారూ, తప్పులుంటే దిద్దండి" అనెను. పిల్లలు పాలలో కలుపుకొని త్రాగు ఒక పొడిని గూర్చిన కరపత్రమది. పాతికేండ్ల అలవాటుచొప్పున మేము ఎఱ్ఱసిరా కలము తీసి వెదకితిమి. అక్షరదోషము లేదు, వాక్యదోషము లేదు. బాగున్నదని చెప్పి కలమును మూసితిమి. ఆనాడు మాకు కనబడని తప్పు తరువాత కనబడినది. దానిని గూర్చియే ఈ వ్రాత.

ముందుగా ఆ కార్యాలయము ఎట్టిదో తెలిసికొనవలెను. ఏజెన్సీ యనగా సరకు అమ్మువాని ప్రతినిధియని మనమనుకొందుము. పుట్టుకలో అది పత్రికల ప్రతినిధి. 1840 ప్రాంతములలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పామరు అనునాతడు పత్రికలలోని ఖాళీ స్థలమును వర్తకులకు అమ్మిపెట్టి, పత్రికలవారినుండి రుసుము పుచ్చుకొనుట మొదలిడెను. నూటికి పదునైదు చొప్పున ఏజెన్సీకి ముట్టజెప్పు ఆచారము తరువాత స్థిరపడి, మన దేశమునను చిరకాలము నడచినది. అప్పుడు అమ్మినది స్థలమేగాని మాటలు కావు. పోటీ పెరిగినపిమ్మట, స్థలము మా వద్ద కొన్నచో అందులో నింపవలసిన మాటలను మేమే వ్రాసి యిత్తుమని ఏజెన్సీలవారు చెప్పసాగిరి. అనగా, కూరగాయలమ్మి బేరము కుదిరినపిమ్మట చేతిలో పెట్టు కరివేపాకు రెమ్మవలె, రచన కొసరుగా పుట్టినది. ఈ వృత్తిలోని రచయిత పడు పాట్లు అనేకము ఆ కొసరు జన్మమునుండియే వచ్చినవని మా యభిప్రాయము.

మా శిష్యుడు చెప్పిన దినచర్య యిది. సరకు యజమాని కోరికను ఒకడు విని, 'బ్రీఫ్' అను పేర ఒక పుటలో వ్రాసి తెచ్చును. రచయితయు చిత్రకారుడును జంటగా కూర్చుండి దానినుండి ఒక భావమును పిండవలెను. పది శీర్షికలు వ్రాసినచో తొమ్మిదింటిని పైయధికారి కొట్టివేయును. మిగిలినదానిని యజమాని కొట్టివేయును. కొట్టివేసినందుకు కారణము చెప్పవలసిన పని యెవ్వరికిని లేదు. ఏ పనికి ఎన్ని గంటలు పట్టెనో పట్టికలో నింపవలెను. క్రొత్త యజమానిని పట్టుటకై ఇతర ఏజెన్సీలతో పోటీపడి చూపు నమూనాలకొరకు రాత్రులు మేలుకొనవలెను. పోటీలో ఓడినచో ఆ రాత్రులకు లెక్క లేదు. ఇన్నింటిలోను నవ్వు మాత్రము కొదువలేదట. "అక్కడున్నంత హాస్యం ఇంకెక్కడా చూడలేదు సారూ" అనెను. తమ మాటలను తామే నమ్మనివారి నడుమ హాస్యము బాగుగా పండుట వింతకాదు.

ఈ వృత్తిని లోపలనుండి చూపిన పుస్తకములు రెండింటిని మేమెఱుగుదుము. మొదటిది ఇంగ్లండు రచయిత్రి డొరొతీ సేయర్స్ 1933లో ప్రకటించిన 'మర్డర్ మస్ట్ అడ్వర్టైజ్' అను నవల. ఆమె 1922లో లండనులోని బెన్సను ఏజెన్సీలో చేరి కొన్నియేండ్లు పనిచేసినది. ఆవపొడి వర్తకులకై 'మస్టర్డ్ క్లబ్బు' అను వినోదమును నడపినవారిలో ఒకతె. నవలలో హత్య సామాన్యము. కార్యాలయ చిత్రణము అసామాన్యము. ఇనుప మెట్లచుట్టుపై నుండి పడి చనిపోయిన ఒక రచయిత స్థానములో, గూఢచారియైన ప్రభువంశీయుడు మారుపేరుతో ఉద్యోగమున చేరును. ఒక సాయంకాలము, నరముల బలహీనతకు అమ్ము మందు ప్రకటనలో శీర్షికను బొమ్మతో కలిపి చదివినచో అశ్లీలార్థము వచ్చుచున్నదని పత్రికనుండి కబురు వచ్చును. కార్యాలయమంతయు తలక్రిందులగును. చదువుచున్నప్పుడు మేమును పకపక నవ్వితిమి. పుస్తకము మూసినపిమ్మట తోచినదేమనగా, ఆ గందరగోళమునందు ఆ మందు పనిచేయునా అను ప్రశ్నకు చోటే లేదు. ఇంతకంటె లోతైనది కథాగ్రంథిలోనున్నది. ఆ మందు ప్రకటనలోని శీర్షిక మొదటి యక్షరమునే కొకెయిను వ్యాపారులు సంకేతముగా వాడుకొని, సరకు ఏ పానశాలలో దొరకునో తమవారికి తెలుపుదురు. వ్రాసినవానికి తెలియకయే వాని యక్షరము విషమును మోయుచున్నది. వినోదకథలో ఇట్టి సంగతిని దాచిపెట్టుట సేయర్స్ ప్రజ్ఞ. కాని ఆమె కథానాయకుడు ప్రభువు. పని ముగియగానే మారువేషమును విడిచి తన భవనమునకు పోవును. నెలజీతముపై బ్రదుకువానికి ఆ వాకిలి లేదు. నవలలోని లోపమదియే.

రెండవది డేవిడ్ ఓగిల్వీ 1963లో ప్రకటించిన 'కన్ఫెషన్స్ ఆఫ్ యాన్ అడ్వర్టైజింగ్ మ్యాన్'. ఈయన 1948లో న్యూయార్కులో తన సంస్థను స్థాపించి ప్రసిద్ధికెక్కెను. పేరునకు పాపనివేదనమే యైనను ఇందు నివేదింపబడిన పాపము స్వల్పము. పుస్తకములో చాలభాగము తన సంస్థకు తానే వ్రాసికొన్న ప్రకటన. మన గిరీశమునకు ఇట్టి యింగ్లీషు అబ్బియుండినచో ఇట్టి పుస్తకమునే వ్రాసియుండును. అయినను ఇందలి యొక నియమమును కొట్టివేయలేము. చదువరియైన గృహిణిని తెలివిలేనిదానిగా నెంచరాదనియు, మన యింటివారు చదువుట మనకిష్టము కాని ప్రకటనను మనము వ్రాయరాదనియు ఆయన మతము. మేము చాలకాలము ఈ నియమమును చక్కనిదనుకొంటిమి. ఇంటివారు చదివినప్పుడు ఏమగునో ముందు చెప్పెదము.

మన దేశమున ఈ వృత్తిలో మిగుల గౌరవనీయుడు సత్యజిత్ రాయ్. 1943లో కలకత్తాలోని డి. జె. కీమరు ఏజెన్సీలో నెలకు ఎనుబది రూపాయల జీతముపై చిత్రకారుడుగా చేరి, 1955లో తన మొదటి చలనచిత్రము వెలువడు కాలమువరకు ఆ వృత్తిపైననే జీవించెను. ఆయన చేతిలో నుండినది బొమ్మ. బొమ్మకు బంగాళీయు ఇంగ్లీషును లేవు. మాటతో బ్రదుకువాని సంగతి వేఱు.

సంస్కృతమున మాకు ప్రకటన యన్న మాట వినబడగానే మందసోరు శాసనము జ్ఞప్తికి వచ్చును. లాటదేశమునుండి దశపురమునకు వలసవచ్చిన పట్టుసాలెల శ్రేణివారు క్రీ. శ. 436 ప్రాంతమున సూర్యునకు ఆలయము కట్టించి, 473 ప్రాంతమున దానిని బాగుచేయించి శాసనము వేయించిరి. అందు కవి, యౌవనమును కాంతియు గలదై, హారమును పూలును తాంబూలమును ధరించిన స్త్రీయైనను పట్టువస్త్రముల జతను కట్టనిదే ప్రియుని చేరబోదని వర్ణించును. సాలెవారి శాసనమున పట్టుచీర పొగడ్త! ఇంతకంటె నేర్పైన అమ్మకపు వాక్యమును నేటి నగరములలోను చూడలేము. కాని శాసనాంతమున కవి తన పేరు చెప్పుకొనెను. వత్సభట్టి ప్రయత్నపూర్వకముగా రచించినాడని అందున్నది. పట్టు చివికినదైనచో సాలెవానిని అడుగవచ్చును. మాట చివికినదైనచో వత్సభట్టిని అడుగవచ్చును. చిన్ననాడు మా యూళ్లలో డప్పు వేసి చాటింపు చెప్పువానికిని ఈ గుణముండెను. వాడు చెప్పిన మాటలో సందేహము కలిగినచో వాని భుజము పట్టుకొని, "ఎవరు చెప్పమన్నారు?" అని యడుగుటకు వీలుండెను. గోడను అట్లు అడుగలేము.

తెలుగులో ఈ విద్యకు పెద్దలు లేకపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి, 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా అచ్చటనే ప్రారంభించి, 1914లో మద్రాసున దినపత్రికను చేసి, 1924లో భారతిని వెలువరించిరి. తలనొప్పి మందుపై వచ్చిన ధనము తెలుగు సాహిత్యమునకు అన్నము పెట్టినది. మద్రాసుననే డాక్టరు కె. ఎన్. కేసరిగారు లోధ్ర అను స్త్రీల యౌషధమును అమ్మి, 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించి, రచయిత్రులకు స్వర్ణకంకణములిచ్చి సత్కరించిరి. వీరి ప్రకటనలు వీరి పత్రికలలోనే వచ్చుచుండెను. మందు చేసినవాడు, మాట చెప్పినవాడు, పత్రిక నడపినవాడు ఒక్కడే. చిరునామా ఆ పుటలోనే యున్నది.

ఆ కాలమును మేము పూజింపబోము. నాటి పత్రికల వెనుకపుటలను త్రిప్పినవారికి, ఒక్క సీసాతో పదిరోగములు మాన్పుదుమను ప్రగల్భములు కొల్లలుగా కనబడును. ఆ ప్రగల్భములు హద్దు మీరుటచేతనే 1954లో ఔషధములు, అద్భుత చికిత్సల ప్రకటనలపై చట్టము చేయవలసివచ్చినది. పేరున్నంత మాత్రమున మాట సత్యము కాదు. పేరున్నచో అబద్ధమునకు ఒక ముఖముండును. అంతవరకే మేము చెప్పునది.

ఇక తెలుగు కాపీరైటరు విషయమునకు వత్తము. చదువరులు ఆశ్చర్యపడుదురేమో గాని, మా శిష్యుడు వారమునకు వ్రాయు మాటలలో అధికభాగము అతడు పుట్టించినది కాదు. బొంబాయిలోనో ఢిల్లీలోనో ఇంగ్లీషుననో హిందీననో ఒక ప్రకటన పుట్టును. దానిని అన్ని భాషలలోనికి దింపుదురు. దృశ్యప్రకటన యైనచో హిందీ పలుకునకు పెదవులు కదలిన తీరునుబట్టి తెలుగు మాటలను ఏరవలెను. నటి పెదవులు మూసినచోట పకారమో బకారమో మకారమో పడవలెను, మూయనిచోట పడరాదు. ఇరువది సెకండ్లలో హిందీ ముగిసినచో తెలుగును ముగియవలెను. ఛందస్సు నేర్చుకొన్నందుకు ఇక్కడ పనికివచ్చెనని నవ్వుచు చెప్పెను. మేమును నవ్వితిమి, యతిస్థానమున పెదవి వచ్చి కూర్చున్నది గదా! అచ్చు ప్రకటన యైనచో ఇంగ్లీషు అక్షరములకు గీసిన పెట్టెలో తెలుగును ఇమిడ్చవలెను. మన యక్షరములకు పైన గుడియు, క్రింద వత్తును ఉండును. పంక్తుల నడుమ చోటు కావలెను. తెలుగు రాని చిత్రకారుడు పంక్తులను దగ్గరకు నొక్కును. వత్తు క్రింది పంక్తి తలకట్టులో దిగబడును. ఒక్కొక్కప్పుడు కంప్యూటరులో అక్షరములు మారి వత్తు విడిపోయి ప్రక్కన నిలుచును. దానిని పట్టుకొనువాడు కార్యాలయమంతటిలో ఇతడొక్కడే. సెలవు పెట్టిననాడు వత్తులకు దిక్కులేదు.

ఇవన్నియు చేతిపనిలోని కష్టములు. అసలైన కష్టము ఎదురు తర్జుమా. యజమాని పక్షమున అనుమతి నిచ్చు అధికారికి తెలుగు రాదు. అందుచేత మా శిష్యుడు వ్రాసిన తెలుగు వాక్యమును తానే మరల ఇంగ్లీషులోనికి త్రిప్పి ప్రక్కన వ్రాయవలెను. అధికారి ఆ యింగ్లీషును చదివి తెలుగు బాగున్నదనియో లేదనియో తీర్పు చెప్పును. మంచి తెలుగు వాక్యము ఇంగ్లీషులోనికి త్రిప్పినచో తఱచు వెలవెలబోవును. పేలవమైన వాక్యము చక్కగా అతుకును. కాగా కాలక్రమమున రచయిత, త్రిప్పినచో చక్కగా కనబడు తెలుగునే వ్రాయ నేర్చుకొనును. గోడలపైన తెలుగు అక్షరములలో మనము చదువునది అధికభాగము అట్టి తెలుగే. మన పిల్లలు వ్యాసములలో ఇట్టి వాక్యములను వ్రాసినప్పుడు మేము ఇన్నాళ్లు పిల్లలను కోపించితిమి.

ఇప్పుడు ఆ కరపత్రమును చూతము. అసలు ఇంగ్లీషు వాక్యమునకు, ఈ పొడిలో జ్ఞాపకశక్తికి తోడ్పడు పోషకములున్నవి అని అర్థము. మా శిష్యుడు మొదట అట్లే వ్రాసెను. పెట్టెలో పట్టలేదు, బలము లేదనియు అనిరి. ఆఱు మార్పుల పిమ్మట మిగిలినది: "తాగితే చాలు, చదివింది గుర్తుంటుంది!" చెవికి ఇంపుగానున్నది. పిల్లలు పాటగా పాడుకొనవచ్చును. మేము మెచ్చుకొన్న వాక్యము ఇదియే.

మీమాంసకులు వాక్యములను విభజించుచు, ఇది చేయుమని విధించునది విధియనియు, విధింపబడినదానిని పొగడునది అర్థవాదమనియు చెప్పిరి. పొగడ్తను ఉన్నదున్నట్లు పట్టుకొనరాదు. అది విధికి తోడు మాత్రమే. ప్రకటన యంతయు అర్థవాదమే యని మనము సరిపెట్టుకొందుము. పొగడ్తయని ఎవరెఱుగరు అందుము. కాని మన భాషలో "తాగితే గుర్తుంటుంది" అనునది పొగడ్త రూపము కాదు. "వాన పడితే పంట పండుతుంది", "నిప్పు ముట్టుకుంటే కాలుతుంది" అనునట్టి లోకధర్మపు రూపమది. పైగా "చాలు" అను మాట పాలను, నిద్రను, గురువును, పుస్తకమును ఒక్క వ్రేటున తొలగించుచున్నది. ఇంగ్లీషులోని 'తోడ్పడు' అను ఒక్క మాట రాలిపోగానే పోషకమును గూర్చిన వాక్యము బాలికను గూర్చిన వాగ్దానమైనది. ఎదురు తర్జుమాలో అది త్రాగుము, గుర్తుంచుకొనుము అను చిన్న సరసోక్తిగా కనబడెనట. అధికారి సంతోషించెను. న్యాయవాదియు ఇంగ్లీషునే చదివి సమ్మతించెను.

మఱి ఆ 'తోడ్పడు' ఎక్కడికి పోయినది? ఎక్కడికిని పోలేదు. శీర్షిక చివర ఒక చుక్కగుర్తున్నది. కరపత్రపు అడుగున అదే గుర్తుతో, చీమతల వంటి యక్షరములలో, ఇది సమతులాహారములో భాగముగా మాత్రమే తోడ్పడునను మినహాయింపు ఇంగ్లీషులో నున్నది. వాగ్దానము పెద్దక్షరముల తెలుగులో. మినహాయింపు చిన్నక్షరముల ఇంగ్లీషులో. మేము ఎఱ్ఱసిరాతో వెదకినది తెలుగును. తప్పు రెండు భాషల నడుమ నుండెను.

దీనికి నియమము లేకపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటి తప్పునకు పది లక్షల రూపాయలవరకు జరిమానా విధింప వీలిచ్చినది. 2022 జూనులో దానిననుసరించి వెలువడిన మార్గదర్శకములు ఏజెన్సీలకును వర్తించును. వానిలో, మినహాయింపు వాగ్దానమున్న భాషలోనే యుండవలెనని స్పష్టముగా నున్నది. పిల్లలనుద్దేశించిన ప్రకటనలలో తగిన శాస్త్రీయాధారము లేక బుద్ధి పెరుగునని చెప్పరాదనియు నున్నది. మా శిష్యుడు ఈ నియమములను చదివినవాడే. కార్యాలయములో వాని ప్రతి గోడకు అంటించియున్నదట.

అతడు కరపత్రమును మాకు చూపుటకు వచ్చినది మెప్పునకు కాదని మేము ఆలస్యముగా గ్రహించితిమి. కలమును మూసి టీ త్రాగుచుండగా చెప్పెను. పండుగకు ఇల్లు చేరిన దినమున అలమరలో ఆ పొడి డబ్బా కనబడెను. అతని యన్న కూతురు మా పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుచున్నది. తల్లి బీడీలు చుట్టిన పైసలలోనుండి కూడబెట్టి మనుమరాలికై కొనినది. ఎందుకు కొంటివని యడిగినచో, మనుమరాలిచేత చదివించుకొన్న వాక్యమును తన భాషలో మార్చి అప్పగించెను: "గిది తాగితె చాలట బిడ్డా, సదివింది యాదికుంటదట. కాయితంల రాసిండ్రు." ఇంటివారు చదువుట తనకిష్టము కాని ప్రకటనను వ్రాయరాదని ఓగిల్వీ చెప్పెను. వ్రాయునప్పుడు ఇతనికి ఇల్లు జ్ఞప్తికి రాలేదు. పెట్టె జ్ఞప్తిలో నుండెను. రాసినది తానేయని తల్లితో చెప్పలేకపోయితినని, చెప్పవలెనా అని మమ్మడిగెను.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. కరపత్రమును మరల తీసికొని, "గుర్తుంటుంది" అను మాట ప్రక్కన ఎఱ్ఱసిరాతో "అని ఎవరు చెప్పిరి?" అని వ్రాసి యిచ్చితిమి. పిల్లల వ్యాసములలో ఆధారములేని వాక్యమునకు మేము పెట్టు గుర్తే యది. అతడు మడిచి జేబులో నుంచుకొని సాయంకాలపు బస్సునకు పోయెను. ఉద్యోగము మానలేదు. ఇంటి యప్పు తీరువరకు మానలేడని మాకు తెలియును. మానుమని మేము చెప్పను లేదు.

రెండు నెలలకు టపాలో క్రొత్త కరపత్రము వచ్చెను. శీర్షిక మారలేదు. అడుగున మాత్రము ఇంగ్లీషునకు మారుగా తెలుగు మినహాయింపు వచ్చినది. దానికై పదునాలుగు ఉత్తరములు వ్రాసితినని ప్రక్కన పెన్సిలుతో నుండెను. అక్షరములు మునుపటికంటె చిన్నవి. మేము ఆ బాలికను పిలిచి, ఇంటికి కొనిపోయి మీ నాయనమ్మకు ఈ క్రింది పంక్తిని చదివి వినిపించుమంటిమి. మఱునాడు వచ్చి, చదివితినని చెప్పెను. నాయనమ్మ ఏమన్నదని యడిగితిమి.

"గింత సన్నగ ఎందుకు రాసిండ్రు అన్నది సారూ."